పక్క బ్రేకు

ఆ డ్రైవింగు స్కూలు అన్నాచెల్లెళ్ళిద్దరిదీ. అన్న ఆఫీసులో కూర్చుని వచ్చినవాళ్ళతో మాట్లాడేవాడు. చెల్లెలు బండిలో కూర్చుని నేర్పేది. వదిన ఫోన్లు చూసుకునేది. బోర్డు మీద అన్నాచెల్లెళ్ళ బొమ్మలు రెండూ ఒకే సైజులో ఉండేవి గానీ, బండి మాత్రం అన్న పేరు మీదే ఉండేది. స్కూలు పెట్టిన కొత్తలో, ఎవరి పేరు మీదుంటే ఏముంది, ఇంట్లోదే కదా అనుకున్నారు.

ఆ బండి బాగా పాతబడింది. అద్దం దించితే మళ్ళీ పైకి తేవడానికి రెండు అరచేతులతో అదిమి లాగాలి. రెండో గేరు పడాలంటే బతిమాలాలి. వాన పడ్డ రోజున కాళ్ళ దగ్గర చెమ్మ చేరేది. తలుపు సందుల్లోంచి వస్తోందేమో అనుకునేది చెల్లెలు. అన్న మాత్రం ఏడాదికోసారి దానికి ఎర్రరంగు కొట్టించేవాడు. దూరం నుంచి చూస్తే నిన్నగాక మొన్న కొన్నట్టుండేది. పైన పటారం లోన లొటారం అని వదిన నవ్వేది.

"అన్నయ్యా, దీన్ని మార్చేద్దాం" అని చెల్లెలు అడిగినప్పుడల్లా అన్న చెప్పే జవాబు ఒకటే. "సెలవులు గడవనీ. మనకి పనుండేదే సెలవుల్లో. ఈలోగా చిన్నాచితకా ఏమన్నా ఉంటే బాగుచేయిద్దాం."

సెలవులు వచ్చేవి, గడిచేవి. ఆ ఏడు మాత్రం సెలవులకు ముందే అన్న కొత్త కారు కొన్నాడు. చెల్లెలు సంతోషపడబోయింది. అది నేర్పడానికి కాదన్నాడు. అలాంటిదొకటి ఆఫీసు ముందు నిలబడి ఉంటే స్కూలుకు పరువన్నాడు. దానికి గుడ్డ కప్పి రేకుల పందిరి కింద పెట్టించాడు.

"పరువు నీడలో, పని ఎండలోనా?" అంది చెల్లెలు. అన్న నవ్వేశాడు.

నేర్పే బండికి పక్క సీటు దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాళ్ళు తడబడితే నేర్పేవాళ్ళు తొక్కడానికి. డ్రైవరు బ్రేకుకు ఒక ఇనుపకడ్డీతో కలిపి, నేల రేకుకు బోల్టులు వేసి బిగిస్తారు దాన్ని. చెల్లెలి ఉద్యోగమంతా ఆ పెడల్ మీదే. నోటితో ఏం మాట్లాడుతున్నా, చేత్తో ఏ వైపు చూపిస్తున్నా, ఆమె కుడికాలు మాత్రం ఎలుక కన్నం దగ్గర పిల్లిలా దాని మీదే కాచుకుని ఉండేది. దాన్ని నమ్ముకునే ఎంతోమందికి నేర్పింది. గేటు దాటేసరికి చెమటలు పట్టేవాళ్ళకీ, మలుపు రాగానే కళ్ళు మూసుకునేవాళ్ళకీ కూడా నేర్పింది.

ఆ సెలవుల్లో చేరినవాళ్ళలో లాండ్రీ ఆవిడ ఒకరు. నెరిసిన జుట్టు, ఇస్త్రీపెట్టె పట్టుకుని పట్టుకుని గట్టిపడ్డ అరచేతులు. భర్తకు కళ్ళు మసకబారాయి. బట్టల మూటలు ఇళ్ళకు చేర్చే వ్యాను ఇక ఆయన నడపలేడు. ఎవరినన్నా పనికి పెట్టుకుందామని ఆయన, నేనే నేర్చుకుంటానని ఆవిడ. "ఈ వయసులో నీకు స్టీరింగేంటి?" అని ఇంట్లో నవ్వారట. నవ్వితే నవ్వనీ అని వచ్చి చేరింది. భయం ఉంది గానీ మొండిది. చెప్పింది ఒకసారి వింటే మరి మరిచిపోయేది కాదు.

ఆ పొద్దున ఆవిడ మొదటిసారి ఆసుపత్రి వాలు దిగుతోంది. ఆసుపత్రి గేటు నుంచి బజారు దాకా జారుడుబండలా దిగే రోడ్డది. సగం దిగారో లేదో, పక్కసందులోంచి ఒక లారీ వెనక్కి వస్తూ రోడ్డుకు అడ్డం పడింది.

"బ్రేకు" అంది చెల్లెలు.

ఆవిడ కంగారులో యాక్సిలరేటర్ తొక్కింది.

అందరూ ఎప్పుడో ఒకప్పుడు చేసే పనే అది. చెల్లెలి కాలు అప్పటికే పక్క బ్రేకును నొక్కేసింది. ఎప్పుడూ కాలికి ఎదురు తగిలే గట్టిదనం తగల్లేదు. కింద ఏదో ఫట్‌మని విరిగిన చప్పుడు. పెడల్ కాదు, పెడల్‌తో పాటు నేలే కుంగిపోయింది. కాలు చీలమండ దాకా దిగబడింది. బండి మాత్రం ఆగలేదు.

చెల్లెలు హ్యాండ్ బ్రేకు పీకి, స్టీరింగు పట్టుకుని పక్కకు తిప్పేసింది. బండి గట్టు ఎక్కి, పండ్ల దుకాణం ముందు పేర్చిన ఖాళీ పెట్టెల్ని పటపట విరగ్గొట్టుకుంటూ పోయి గోడకు కొట్టుకుని ఆగింది. అదృష్టం కొద్దీ ఆ పెట్టెల దగ్గర ఎవరూ లేరు.

లాండ్రీ ఆవిడ ఏడవలేదు. స్టీరింగులో ఇరుక్కున్న మణికట్టును రెండో చేత్తో పట్టుకుని, పాలిపోయిన మొహంతో, "నేను తొక్కింది బ్రేకు కాదు కదా మేడం? తప్పు నాదే కదా?" అని అడిగింది.

చెల్లెలు వంగి, కాళ్ళ కింది మ్యాటు లాగి చూసింది. కింద ఒక చెక్కముక్క. ఎవరో కొలిచి కోసి, నేల రేకు మీద పరిచి, పెడల్ బోల్టుల్ని దాంట్లోంచి దించి బిగించారు. అది ఇప్పుడు నడిమికి విరిగి ఉంది. దాని చుట్టూ రేకు అప్పడంలా పొరలు పొరలుగా లేచింది. ఆ కన్నంలోంచి కింద తారురోడ్డు కనిపిస్తోంది. రోడ్డు మీద పడ్డ సిగరెట్టు పీక కూడా కనిపిస్తోంది.

ఆ చెక్క ఆమె పెట్టింది కాదు. పెట్టినట్టు ఆమెకు చెప్పినవాళ్ళూ లేరు.

లాండ్రీ ఆవిడను ఆసుపత్రికి తీసుకెళ్ళి, మణికట్టు ఎముక చిట్లిందంటే పట్టీ వేయించి, ఇంటి దగ్గర దింపి, చెల్లెలు మెకానిక్ షెడ్డుకు వెళ్ళింది. బండిని అప్పటికే అక్కడికి లాక్కొచ్చారు. మెకానిక్ దాని కింద దూరి ఉన్నాడు. ఆమె కాళ్ళు చూడగానే వచ్చిందెవరో తెలిసినట్టుంది, బయటికి రావడానికి చాలాసేపు పట్టింది.

"రేకు పోయిందమ్మా" అన్నాడు చేతులు తుడుచుకుంటూ. "అతుకు వేయమంటే వేస్తా. కానీ అతుకు పట్టాలంటే చుట్టూ గట్టి రేకుండాలి కదా. చీకిపోయిన గుడ్డకి మాసిక వేసినట్టే. ఇంజనొకటే బాగుంది దీంట్లో."

"ఆ చెక్క ఎవరు పెట్టారు?"

మెకానిక్ స్పానరు తీసి ఒకచోటి నుంచి ఇంకోచోట పెట్టాడు.

"నిన్నే అడుగుతున్నా."

"నేనేనమ్మా. సార్‌కి చెప్పాను. నేల కుళ్ళింది, బండి మార్చేయండి, లేదంటే పక్క బ్రేకు ఒకరోజు చేతికొస్తదని చెప్పాను. ఇప్పుడు మార్చడం కుదరదు, సెలవులయ్యేదాకా ఎట్లోకట్ల నిలబడేట్టు చెయ్యమన్నారు."

"నాకెందుకు చెప్పలేదు?"

"మీకు చెప్పొద్దన్నారు. చెబితే మీరు బండెక్కరని."

"అంటే నాకు తెలిస్తే ఎక్కనని నీకూ తెలుసు."

అతను తల వంచుకున్నాడు. "బండి సార్ పేరు మీద ఉంది కదమ్మా."

"బండి ఆయన పేరు మీదుంది. కాలు నాది" అంది చెల్లెలు. ఇంకేం మాట్లాడినా చేతికందింది విసిరేస్తానని తెలిసి బయటికి వచ్చేసింది.

ఆఫీసులో అన్న ఫోన్ పెట్టేసి లేచాడు. "ఏంటీ, బండికి బాగా తగిలిందటగా?"

చెల్లెలు గుమ్మంలోనే నిలబడిపోయింది. దారి పొడుగునా ఏమేం అనాలో అనుకుంటూ వచ్చింది. ఆ ఒక్క ప్రశ్నతో అవన్నీ ఎటో పోయాయి.

"ఆవిడ మణికట్టు చిట్లింది" అంది.

"అయ్యో" అన్నాడు అన్న. ఆ అయ్యో అయిపోయాక, "బ్రేకనుకుని యాక్సిలరేటర్ తొక్కిందట కదా. పండ్ల దుకాణమాయన చెప్పాడు. మరి తప్పు ఆవిడదేగా" అన్నాడు.

"అట్లా తొక్కుతారనే కదా పక్క బ్రేకు పెట్టేది. తప్పు తొక్కనివాళ్ళకి నేనెందుకు పక్కన?"

"సరేలే, కోపం తెచ్చుకోకు. వెల్డింగు చేయిస్తా. రేకే కదా. పాతదైందని పారేస్తామా, ఇన్నాళ్ళు మనకి తిండి పెట్టింది."

"తిండి పెట్టింది బండి కాదన్నయ్యా. దాంట్లో కూర్చుని నేను పెట్టాను. రేకు కుళ్ళిందని నీకు తెలుసు. చెక్క పెట్టించావు. మ్యాటు కప్పించావు."

అన్న మొహం మారింది. "ఎవడు చెప్పాడు నీకు?"

"నిజమా కాదా అని చెప్పకుండా, ఎవడు చెప్పాడంటావేంటి?"

ఇంతసేపూ పక్క బల్ల దగ్గర కూర్చుని వింటున్న వదిన, మోగుతున్న ఫోన్‌ను ఎత్తకుండా అలాగే మోగనిచ్చింది. అది ఆగాక, భర్త వైపు చూస్తూ, "మన అమ్మాయి సంగతి కూడా చెప్పండి" అంది.

"నువ్వు ఊరుకో."

"ఊరుకునే ఇంతదాకా వచ్చింది." వదిన ఆడపడుచు వైపు తిరిగింది. "అమ్మాయికి సెలవులు కదా, నీ దగ్గర నేర్పిద్దామని నేనంటే, ఆ పాతదాంట్లో వద్దు, కొత్తది ఉందిగా, దాంట్లో నేనే నేర్పిస్తానన్నారు మీ అన్నయ్య. కూతురంటే ప్రేమ ఎక్కువనుకున్నా. ఇప్పుడు అర్థమవుతోంది."

చెల్లెలికి అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా గొంతు పెరగలేదు. కోపం మరీ ఎక్కువైనప్పుడు ఆమె గొంతు తగ్గేది.

"నీ కూతురు ఎక్కకూడదు. నీ చెల్లెలు ఎక్కొచ్చు. లాండ్రీ ఆవిడ ఎక్కొచ్చు. నీ మాట నమ్మి పిల్లల్ని పంపినవాళ్ళ పిల్లలు ఎక్కొచ్చు. అంతేనా?"

"అది కాదే. నీకు అనుభవం ఉంది కదా. ఏమన్నా అయితే నువ్వు చూసుకుంటావనుకున్నా."

ఆ మాట అతను నిజంగా నమ్మే అన్నాడు. మెచ్చుకుంటున్నట్టు కూడా అన్నాడు. అందుకే అది ఆమెకు మరీ మండింది. తన నైపుణ్యాన్నే అన్న ఇన్నాళ్ళూ కుళ్ళిన నేల రేకుకు బదులుగా లెక్కేసుకున్నాడు.

"రేపటికల్లా వెల్డింగు అయిపోద్ది. ఎల్లుండి నుంచి క్లాసులు. ఈ గొడవ ఇంక వద్దు" అని అన్న భోజనానికి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున లైసెన్సు రాతపరీక్షకు వెళ్ళేవాళ్ళను తీసుకుని అన్న బస్సులో బయల్దేరాడు. సాయంత్రం గాని రాడు. చెల్లెలు ఆఫీసులోకి వచ్చి వదిన ఎదురుగా కూర్చుంది.

"వదినా, కొత్తదాని తాళం ఇవ్వు."

"ఏం చేస్తావు?"

"పక్క బ్రేకు బిగిస్తా."

వదిన సొరుగు లాగి తాళం తీసి బల్ల మీద పెట్టింది. "ఆయనకి నేను చెప్తాలే" అంది.

"మెత్తగా చెప్పక్కర్లేదు."

"నాకూ మెత్తగా చెప్పే ఓపిక లేదు."

మెకానిక్ కొత్త కారును చూసి వెనక్కి తగ్గాడు. "సార్ ఒప్పుకున్నారా అమ్మా?"

"చెక్క పెట్టినప్పుడు నన్నడిగావా?"

"కొత్త బండికి చిల్లులు పొడవాలంటే చేతులు రావమ్మా."

"మనుషుల కాళ్ళ కింద చిల్లు ఉంచినప్పుడు వచ్చాయిగా. రా."

అతను పాతదాంట్లోంచి పెడల్, కడ్డీ విప్పి తీశాడు. తుప్పు పట్టిన బోల్టులు పారేసి కొత్తవి తెచ్చాడు. డ్రిల్లు మెరిసే రేకులోకి దిగుతుంటే చెల్లెలు కళ్ళు తిప్పుకోలేదు. ఆమెకు జాలి కలగలేదు. కింద గట్టి ఇనుపపట్టీ వేయమంది. వేశాక పక్క సీట్లో కూర్చుని, ఒంట్లో బలమంతా కాల్లోకి తెచ్చి తొక్కింది. మళ్ళీ తొక్కింది. మెకానిక్ ఇక చాలనేదాకా తొక్కింది, చాలన్నాక కూడా తొక్కింది. ఆ తొక్కుళ్ళలో కొన్ని బ్రేకుకు, కొన్ని అన్నకు, ఒకటి రెండు అతనికీ తగలాల్సినవని మెకానిక్‌కు అర్థమై దూరంగా నిలబడ్డాడు.

సాయంత్రం అన్న వచ్చేసరికి పందిరి కింద కొత్త కారు మీద గుడ్డ లేదు. నెత్తిన స్కూలు బోర్డు ఉంది. తలుపు తీసి లోపల చూశాడు.

"నా బండికి చిల్లులు పొడిపించావా?" అని అరిచాడు. అతని కేక విని ఎదురింటివాళ్ళు కిటికీలు తెరిచారు.

"పొడిపించాను."

"ఎవరినడిగి?"

"నువ్వు ఎవరినడిగావో వాళ్ళనే."

"మతి పోయిందా నీకు? కొత్తది. ఇంకా సీట్ల మీద కవర్లు కూడా తీయలేదు."

"ఇప్పుడు తీశాం. అన్నయ్యా, విను. ఇక నేర్పితే దీంట్లో నేర్పుతా. లేదంటే బోర్డు మీంచి నా బొమ్మ తీసేసి, ఆ ఎర్రదానికి నీ వెల్డింగు చేయించుకుని నువ్వే నేర్పుకో."

"నువ్వు పోతే నేర్పేవాళ్ళే దొరకరనుకున్నావా?"

"దొరుకుతారు. వచ్చేవాళ్ళకి నేల సంగతి ముందే చెప్పు."

"ఊరంతా చాటు ఇంకా."

అప్పుడు వదిన గుమ్మంలోకి వచ్చింది. "చాటడం అయిపోయింది. రేపు క్లాసులున్నవాళ్ళందరికీ ఫోన్లు చేశాను. పాత బండి నేల చీకిపోయింది, మనిషికి దెబ్బ తగిలింది, అందుకే ఆపేశామని చెప్పాను. కొందరు తిట్టారు. నన్నే తిట్టారు, మీరు ఇంట్లో లేరుగా."

అన్న మెట్టు మీద కూలబడ్డాడు. ఇల్లు కాలి ఏడుస్తున్నవాడిలా ఉన్నాడే గానీ, తప్పు చేసినవాడిలా లేడు. అది చూసి చెల్లెలికి ఉన్న కాస్త జాలీ పోయింది. వీళ్ళిద్దరూ ఒకటై తన పరువు తీశారని అతను రాత్రి భోజనం దగ్గర గొణుగుతూనే ఉన్నాడని వదిన తర్వాత చెప్పింది. పరువంటే అతనికి ఇంకా ఆ కారే.

అయినా ఎర్ర బండిని ఆపడం తప్ప అతనికి దారి లేకపోయింది. నిజం బయటపడ్డాక దాంట్లో ఎవరు కూర్చుంటారు. పాత ఇనుము వాళ్ళు వచ్చి దాన్ని తీసుకుపోయిన రోజు అన్న ఆఫీసులోంచి బయటికి రాలేదు. అన్నాచెల్లెళ్ళ మధ్య మాటలు పనివరకే మిగిలాయి. ఎవరు ఏ వేళకు వస్తున్నారో చెప్పేవాడు. ఆమె సరేననేది. తప్పయిందని ఒక్క మాట వస్తుందేమోనని ఆమె ఎదురుచూసింది. రాలేదు.

లాండ్రీ ఆవిడ దుకాణానికి చెల్లెలు ఒక మధ్యాహ్నం వెళ్ళింది. ఆవిరి, సబ్బు వాసన. ఆవిడ పట్టీ కట్టిన చేత్తో చొక్కా అదిమి పట్టి, రెండో చేత్తో ఇస్త్రీ చేస్తోంది. తలెత్తి చూసి మళ్ళీ పనిలో పడింది.

చెల్లెలు ఉన్నదున్నట్టు చెప్పింది. చెక్కముక్క సంగతి, అన్న సంగతి, ఏదీ దాచలేదు.

"మీరు రోజూ ఆ బండిలోనే కూర్చునేవాళ్ళు కదా" అంది లాండ్రీ ఆవిడ. "మీకు తెలియలేదా?"

"తెలియలేదు."

"తెలుసుకోవాలిగా. చొక్కా ఇచ్చేముందు గుండీలున్నాయో ఊడాయో చూడకుండా ఇస్తానా నేను? మిమ్మల్ని నమ్మి కూర్చున్నాను మేడం. మీ అన్నయ్యెవరో నాకు తెలీదు."

చెల్లెలికి వాన రోజుల చెమ్మ గుర్తొచ్చింది. అప్పుడే మ్యాటు ఎత్తి చూసి ఉండొచ్చు.

"లోపల మా ఆయనున్నారు" అంది ఆవిడ మెల్లగా. "నా తప్పు వల్లే అయిందని రోజుకి పదిసార్లు అంటున్నారు. ముసలితనంలో ముచ్చట్లని నవ్వుతున్నారు. ఇప్పుడు నాకు చెప్పిందంతా ఆయన వినేట్టు మళ్ళీ చెప్పండి."

చెల్లెలు గొంతు పెంచి మొత్తం మళ్ళీ చెప్పింది. తెర వెనక దగ్గు వినిపించింది.

"సరే" అంది లాండ్రీ ఆవిడ. "పట్టీ విప్పాక వస్తా. వ్యాను ఊరికే పడుంది, నేర్చుకోక తప్పదు నాకు. కానీ తప్పు చేసినాయన ఇక్కడికి రాలేదు. మీరొచ్చారు. అది నాకు నచ్చలేదు."

పట్టీ విప్పాక ఆవిడ చెప్పినట్టే వచ్చింది. ఆఫీసులోకి నేరుగా వచ్చి అన్న బల్ల ముందు నిలబడింది.

"కూర్చోండమ్మా, మా చెల్లెలు వస్తుంది" అన్నాడతను.

"ఆమె వద్దు. పక్కన మీరు కూర్చోండి."

అన్న నవ్వబోయాడు. "నేను నేర్పడం మానేసి చాలా ఏళ్ళయిందమ్మా."

"నేర్పక్కర్లేదు. నేర్పాల్సింది ఆమె నేర్పింది. మీరు పక్కన కూర్చోండి చాలు. నేను ఆసుపత్రి వాలు దిగుతాను."

అతను భార్య వైపు చూశాడు. వదిన ఫోన్ తీసి, ఎవరికి చేయాలో గుర్తురానట్టు దాని వైపే చూస్తూ కూర్చుంది. చెల్లెలి వైపు చూశాడు. ఆమె తాళం అతని ముందు పెట్టి పక్కకు తప్పుకుంది. బెంచీ మీద వంతు కోసం కూర్చున్న నలుగురూ అతన్నే చూస్తున్నారు. లేవక తప్పలేదు.

ఎక్కేముందు లాండ్రీ ఆవిడ పక్క సీటు తలుపు తీసి, వంగి, పెడల్‌ను చేత్తో అదిమి చూసింది. మ్యాటు ఎత్తి చూసింది. తర్వాతే స్టీరింగు ముందు కూర్చుంది. అన్న పక్కన కూర్చుని, కాలు ఎక్కడ పెట్టాలో తెలియక ఒకసారి కిందికి చూసుకున్నాడు. బండి కుదుపుతో ముందుకు కదిలి మలుపు తిరిగింది.

చెల్లెలు గేటు దగ్గరే నిలబడింది. వాళ్ళు తిరిగి వచ్చేదాకా లోపలికి వెళ్ళలేదు. ఆవిడ కోసం భయపడుతున్నానని అనుకుంది. అన్న కోసం కూడా భయపడుతున్నానని తెలిసి ఆమెకు తన మీదే కోపం వచ్చింది.

బండి తిరిగొచ్చింది. లాండ్రీ ఆవిడ చక్కగా పందిరి కింద ఆపి, హ్యాండ్ బ్రేకు లాగి, "రేపు ఇదే వేళకి వస్తా. రేపు మీరు కూర్చోండి మేడం" అని చెల్లెలితో చెప్పి వెళ్ళిపోయింది.

అన్న దిగాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"ఒకచోట తొక్కాల్సొచ్చింది" అన్నాడు. "సైకిలు అడ్డం వస్తే. ఆవిడ కూడా తొక్కింది, నేను ముందే తొక్కేశాను. కాలు ఇంకా వణుకుతోంది."

చెల్లెలు గేటు వదిలి బండి దగ్గరికి వచ్చింది.

"ఆ వాలు అంత ఏటవాలుగా ఉంటుందని మర్చేపోయా" అన్నాడు మళ్ళీ.

అది తప్పయిందనడం కాదు. దానికి దగ్గరగా వచ్చి ఆగిపోయిన మాట. మిగతాది అతనే చెప్పాలి, తాను అందించకూడదనుకుంది చెల్లెలు. బెంచీ వైపు తిరిగి, వంతు వచ్చినవాళ్ళను పిలిచి, తన సీట్లో తాను కూర్చుంది.